తీరపాటలో ఆఘాత బిందువు: ధ్వని పరిష్కరణ సాఫ్ట్‌వేర్, మాత్రాగణన – ఒక పరిశీలన

తెలుగు జానపద గేయ పరిశోధన పాఠసేకరణగా ఆరంభమైంది. నేదునూరి గంగాధరం సేకరణలు, హరి ఆదిశేషువు, బిరుదురాజు రామరాజు గ్రంథాలు ఈ శాఖకు పునాది వేశాయి. విన్న పాటను కాగితం మీద పెట్టడం తప్ప వేరు సాధనం అందుబాటులో లేని కాలంలో జరిగిన కృషి అది. పాటలోని మాట నిలిచింది. మాటకూ మాటకూ నడుమ గడిచిన కాలం నిలవలేదు. శ్రామిక గేయాల విషయంలో ఈ లోపం మరింత ప్రస్ఫుటం. వల లాగేటప్పుడు పాడే పాటను అచ్చు వేసినప్పుడు బృందం అందుకొనే ‘హైలెస్సా’ వంటి పలుకు మొదటి చరణం తరువాత ఒకసారి కనిపించి, మిగిలిన చోట్ల రెండు నిలువు గీతల మధ్య సంకేతంగా మిగిలిపోతుంది. పనికి ఆధారమైనది ఆ పలుకే. పాట ఎత్తేవాడి చరణం మారవచ్చు, తప్పిపోవచ్చు, మధ్యలో పరిహాసంగా మళ్లవచ్చు. వంత పలుకు మాత్రం తప్పకూడదు.

రికార్డింగు పరికరం చేతికి వచ్చిన తరువాత ఈ కొరత తీరుతుందని భావించడం సహజం. ఇప్పుడు పరిశోధక విద్యార్థి చేతి ఫోనులోనే పాట భద్రమవుతున్నది. దానిని ఆడాసిటీ, సోనిక్ విజువలైజర్, ప్రాట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రాట్, లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో రూపొందిన సోనిక్ విజువలైజర్ పరిశోధన కోసమే పుట్టినవి. సంగీత నిర్మాణం కోసం పుట్టిన ఏబుల్‌టన్ లైవ్, ప్రో టూల్స్, క్యూబేస్ వంటివి వేరొక వర్గం. ఈ రెండు వర్గాలకూ సామాన్యమైన పని ఒకటి ఉంది: ధ్వని తరంగంలో ఆకస్మికంగా ఎగసిన చోట్లను గుర్తించి, ఒక్కొక్క దాని మీద ఒక గుర్తు పెట్టడం. ఆంగ్లంలో ట్రాన్సియెంట్ అనే ఈ ఎగసిపాటును ఇక్కడ ‘ఆఘాతం’ అనీ, అది మొదలయ్యే క్షణాన్ని ‘ఆఘాత బిందువు’ అనీ వ్యవహరించడం జరిగింది. ఈ గుర్తులను మాత్రల హద్దులుగా స్వీకరించవచ్చునా, వాటిని ఆధారంగా చేసుకొని పాటను ‘సరిచేస్తే’ ఏమి నష్టపోతామన్నవి ఈ వ్యాసంలో విచారణకు తీసుకొన్న ప్రశ్నలు. ఉదాహరణ క్షేత్రం నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండల తీరం.

ఆ తీరాన్ని ఎన్నుకోవడానికి కారణం ఉంది. కృష్ణపట్నం ఓడరేవు ఈ మండలంలోనిదే. 2008 నుంచి అక్కడ ఆధునిక రేవు పనిచేస్తున్నది. నేలటూరులో దామోదరం సంజీవయ్య తాప విద్యుత్కేంద్రం ఉంది. ముత్తుకూరులోనే మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. చేపల వేటను శాస్త్రంగా బోధించే విద్యాలయమూ, వేటను పాటగా ఎరిగిన పల్లెలూ పక్కపక్కనే ఉన్న చోటు అది. మరపడవలు వచ్చిన కొద్దీ మనుషుల బలంతో లాగే పని తగ్గుతుంది, పనితో పాటు పాట కూడా తగ్గుతుంది. అందువల్ల ఇటువంటి తీరంలో ఇకమీదట దొరకబోయే రికార్డింగులు కొద్దివే. వాటిని ఏ విధంగా పరిష్కరిస్తామన్నది చిన్న ప్రశ్న కాదు.

యంత్రం పెట్టే గుర్తు

ఆఘాతాన్ని గుర్తించే పద్ధతులన్నింటికీ మూలసూత్రం ఒకటే. ధ్వనిని చిన్న చిన్న తునకలుగా కోసి, ఒక తునకకూ దాని ముందరి తునకకూ గల భేదాన్ని కొలుస్తారు. సెకనుకు 44,100 నమూనాల చొప్పున నమోదైన ధ్వనిలో 1,024 నమూనాల తునక అంటే సుమారు 23 మిల్లీసెకన్లు. కొలిచే భేదం మొత్తం శక్తిలో కావచ్చు, వర్ణపటంలోని ఒక్కొక్క పౌనఃపున్యంలో కావచ్చు. భేదం ఒక నిర్ణీత పరిమితిని దాటి శిఖరంగా లేచిన చోట గుర్తు పడుతుంది. వాన్ పాబ్లో బెలో తదితరులు 2005లో ప్రచురించిన సమీక్షా వ్యాసం ఈ పద్ధతులన్నింటినీ ఒకచోట చేర్చి, వాద్య స్వభావాన్ని బట్టి ఒక్కొక్క పద్ధతి బలాబలాలు మారుతాయని నిరూపించింది. డప్పు, మృదంగం వంటి వాటి మీద ఏ పద్ధతి అయినా చక్కగా పనిచేస్తుంది. వేణువు, కంఠం వంటి వాటి దగ్గర చిక్కు వస్తుంది. ఈ పరికరాలు మొదటినుంచీ డ్రమ్ము దెబ్బలను ముక్కలుగా కోసుకోవడానికి ఎక్కువగా వాడుకలోకి వచ్చాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. 1994లో వచ్చిన రీసైకిల్ అనే సాఫ్ట్‌వేర్ చేసిన పని అదే: ఒక తాళపు ఆవృత్తిని ఆఘాతాల దగ్గర కోసి, వేగం మార్చినా స్థాయి మారకుండా మళ్ళీ అతకడం.

మనిషి నోటి మాట డ్రమ్ము దెబ్బ వంటిది కాదు. ‘హైలెస్సా’నే తీసుకొంటే, హకారం ఊపిరి మాత్రమే, దాని శక్తి అత్యల్పం, సముద్రపు హోరులో అది వినిపించదు. తరువాతి ఐకారం దగ్గర గుర్తు పడవచ్చు. ‘లె’ దగ్గర అచ్చు నుంచి లకారంలోకి, లకారం నుంచి మళ్ళీ అచ్చులోకి నాదం తెగకుండా ప్రవహిస్తుంది. శక్తిలో పెద్ద భేదం లేదు కనుక గుర్తు పడకపోవడమే ఎక్కువ. ‘స్సా’ దగ్గర పరిస్థితి విపరీతం. ద్విత్వ సకారపు ఊష్మ ధ్వని అచ్చు కంటె ఎంతో ముందుగా మొదలవుతుంది. ఎగువ పౌనఃపున్యాలకు ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి ఆ ఊష్మం మొదట్లోనే గుర్తు పెడుతుంది. మూడు అక్షరాల పలుకులో ఒకటి సుమారుగా సరైన చోట, ఒకటి అసలు లేకుండా, ఒకటి ముందుకు జరిగి కనిపిస్తాయి. ఆ గుర్తుల మధ్య దూరాలను మాత్రలుగా లెక్కించిన వ్యాసం ఏదైనా కొలిచినది లయను కాదు, హల్లుల ధ్వని స్వభావాన్ని.

లాక్షణికులు పెట్టే గుర్తు

ఇక్కడ ఛందశ్శాస్త్రాన్ని కొత్త కన్నుతో చూడవలసిన అవసరం ఏర్పడుతుంది. గురులఘు నిర్ణయంలో అక్షరం మొదటి హల్లుకు విలువ లేదు. ‘అ’ లఘువు, ‘క’ లఘువు, ‘స’ లఘువు. పదాది ‘ప్ర’ కూడా తనంతట తాను లఘువే. హల్లు ఒకటున్నా రెండున్నా ఆ అక్షరం తూకం మారదు. అయితే అదే సంయుక్తం పదమధ్యంలో ఉంటే తన ముందున్న లఘువును గురువు చేస్తుంది. అంటే హల్లు గడిపే కాలం లాక్షణికుల లెక్కలో తన అచ్చుకు జమ కావడం లేదు. ముందరి అచ్చుకు జమ అవుతున్నది. ఈ నియమాన్ని కాలపరంగా చదివితే, ఒక అక్షరం అచ్చు మొదలైన క్షణం నుంచి తరువాతి అక్షరం అచ్చు మొదలయ్యే క్షణం దాకా ఉన్న వ్యవధినే ఛందస్సు తూస్తున్నదని తేలుతుంది. అక్షరాన్ని లిపిలో చూచే అలవాటు వల్ల ఈ విషయం మరుగున పడింది. లిపిలో ‘ప్ప’ ఒక అక్షరం. లయలో దాని మొదటి సగం ముందరి అక్షరానిది.

ఆశ్చర్యకరంగా, మనోభాషాశాస్త్రం 1976లో ఇదే చోటికి వేరొక దారిన వచ్చింది. జాన్ మార్టన్, స్టీవ్ మార్కస్, క్లైవ్ ఫ్రాంకిష్ అంకెల పేర్లను రికార్డు చేసి, వాటి ధ్వని ఆరంభాలు సమాన వ్యవధిలో ఉండేటట్లు అమర్చితే వినేవారికి అవి సమానంగా వినిపించలేదని గుర్తించారు. చెవికి సమానంగా తోచాలంటే ఆరంభాలను అసమానంగా అమర్చవలసి వచ్చింది. మాట ‘పడిన’ క్షణం ధ్వని మొదలైన క్షణం కాదని, దానికొక అనుభూతి కేంద్రం ఉందని వారు ప్రతిపాదించారు. తరువాతి పరిశోధనలు ఆ కేంద్రం అచ్చు ఆరంభానికి దగ్గరలో ఉంటుందని చూపాయి. లాక్షణికులు చెవితో సాధించిన నియమానికీ ఈ ప్రయోగ ఫలితానికీ ఉన్న పోలికను కాకతాళీయమని తోసివేయడం కష్టం.

ఈ సూత్రం యంత్రానికీ ఛందస్సుకూ ఎక్కడ పొత్తు కుదురుతుందో, ఎక్కడ కుదరదో ముందుగానే చెప్పగలుగుతుంది. ‘అప్ప’ అన్న మాటలో పెదవులు మూతపడిన నిశ్శబ్దమంతా గడిచిన తరువాత, పెదవులు విడిపోయిన చోట ఆఘాతం పడుతుంది, వెనువెంటనే అచ్చు. అల్పప్రాణ స్పర్శాల దగ్గర యంత్రం గుర్తూ లాక్షణికుల గుర్తూ దాదాపు ఒకటవుతాయి. ‘అమ్మ’లో అనునాసికం మోగుతూనే ఉంటుంది కనుక యంత్రానికి ఏమీ వినిపించకపోవచ్చు. ‘అస్స’ వంటి చోట యంత్రం తొందరపడుతుంది. ఏడు మాత్రల ఆవృత్తి 1.4 సెకన్లలో నడిచే పాటలో మాత్రకు 200 మిల్లీసెకన్లు. సకారం ఊష్మం 100 మిల్లీసెకన్లు సాగితే పొరపాటు అరమాత్ర. అరమాత్ర తేడాతో ఒక పాటను త్ర్యశ్రమనీ చతురశ్రమనీ వాదించుకోవచ్చు.

ఈ ప్రతిపాదనకు ఒక చిక్కు లేకపోలేదు. ‘వచ్చె ప్రభువు’ అన్నప్పుడు తరువాతి పదం సంయుక్తంతో మొదలైనా ‘చ్చె’ లఘువుగానే నిలుస్తుంది. అచ్చు నుంచి అచ్చుకు కొలవడమే నియమమైతే అది గురువు కావలసింది. తెలుగు పదాది సంయుక్తాన్ని పదమధ్య ద్విత్వంలాగా ఊది పలకకపోవడం దీనికి ఒక సమాధానం. ‘అద్రువు’, ‘విద్రుచు’ వంటి మాటలలో తేల్చి పలికే రేఫ సంయోగానికి ముందున్న లఘువు లఘువుగానే ఉండవచ్చునని లాక్షణికులు అంగీకరించడం ఈ సమాధానాన్ని బలపరుస్తుంది. వారు లిపిని కాక ఉచ్చారణను అనుసరించారని చెప్పడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. అయినా పాటలో, అందులోనూ పనిపాటలో, పదాల మధ్య విరామం చెరిగిపోతుంది. అక్కడ పదాది సంయుక్తం ఎలా ప్రవర్తిస్తుందో కొలిచి చూస్తేగాని తెలియదు. సాఫ్ట్‌వేర్ నిజంగా ఉపకరించే చోటు ఇటువంటిది.

గడిలో పడిన మిశ్రగతి

గుర్తించడం మొదటి మెట్టు. ఆ గుర్తులను జరపడం రెండవది. సంగీత నిర్మాణ సాఫ్ట్‌వేర్‌లో కాలం సమాన గడులుగా విభజించి ఉంటుంది. ఆఘాత బిందువును పట్టుకొని అతి సమీపంలోని గడి గీత మీదికి లాగే సౌకర్యానికి క్వాంటైజ్ అని పేరు. ఏ అమరికా మార్చకుండా కొత్త ఫైలు తెరిస్తే చాలా సాఫ్ట్‌వేర్‌లలో గడి 4/4గానే ఉంటుంది, అంటే చతురశ్రం. తెలుగు దేశి గేయంలో మిశ్రగతికి ఉన్న స్థానం తెలిసిన వారికి ఇది ఎంత ప్రమాదమో వెంటనే స్ఫురించాలి. 1910లో గురజాడ ముత్యాల సరాన్ని 3+4 మాత్రల నడకలో తీర్చినప్పుడు ఆయన చెవి జానపదుల నడకకు దూరంగా లేదు.

ఏడు మాత్రల ఆవృత్తిని ఎనిమిది గడుల ఆవృత్తిలో పెట్టి క్వాంటైజ్ చేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. ఏడు లఘువులు సమాన వ్యవధిలో పడ్డాయనుకొంటే, ఎనిమిది గడుల కొలతలో వాటి స్థానాలు 0, 1.14, 2.29, 3.43, 4.57, 5.71, 6.86 అవుతాయి. ఒక్కొక్క దానిని సమీప గీతకు లాగితే 0, 1, 2, 3, 5, 6, 7. మొదటి మూడు లఘువులూ ఒక్కొక్క గడి చొప్పున కుదురుకొన్నాయి. నాలుగవది మాత్రం మూడవ గీత నుంచి ఐదవ గీత దాకా రెండు గడులు ఆక్రమించింది. అంటే చతుర్మాత్రా గణపు తొలి లఘువు గురువైపోయింది. 3+4 అయిన నడక 3+5 అయింది. పాడినవాడు ఒక్క అక్షరం కూడా మార్చలేదు, మాట చెక్కుచెదరలేదు, ఛందస్సు మాత్రం మారిపోయింది. ఖండగతి గతి కూడా ఇంతే. ఐదు లఘువులు అదే గడిలో 0, 2, 3, 5, 6 గీతల మీద చేరి, గురువు, లఘువు, గురువు, లఘువు, గురువు అన్న విచిత్రమైన వరుస పుట్టుకొస్తుంది. ఆ వరుసను చూచి ‘జానపదుల్లో ఖండగతికి ఒక ప్రత్యేక రూపాంతరం’ ఉందని ప్రతిపాదించే పరిశోధకుడికి తాను కనుగొన్నది సాఫ్ట్‌వేర్ అమరికనని తెలిసే అవకాశం తక్కువ.

తెలుగు గ్రంథ పరిష్కరణ చరిత్రలో ఇటువంటి సందర్భం కొత్తది కాదు. తాళపత్ర ప్రతిలో గణభంగమైన పాదం కనిపించినప్పుడు దానిని సరిదిద్దాలా, ఉన్నదున్నట్లు ముద్రించాలా అన్నది పరిష్కర్తలు ఎదుర్కొన్న ప్రశ్నే. 1829లో బ్రౌన్ వేమన పద్యాలను అచ్చువేసినప్పుడు అనేక ప్రతులను పోల్చి చూడవలసి వచ్చింది. అయితే గ్రంథ పరిష్కరణలో ఒక మర్యాద స్థిరపడింది: మార్చిన పాఠం పైన ఉంటే, ప్రతిలోని పాఠం అధోజ్ఞాపికలో ఉంటుంది. చదువరి పరిష్కర్తతో విభేదించడానికి అది చాలు. ధ్వని పరిష్కరణలో ఆ మర్యాద ఇంకా ఏర్పడలేదు. శబ్దం తగ్గించి, గడిలో పెట్టి, ముక్కలు అతికించి భద్రపరచిన ఫైలుకు అధోజ్ఞాపిక లేదు. వినేవారికి అది ‘ఒరిజినల్ రికార్డింగు’గానే చేరుతుంది. గణభంగాన్ని సహించలేని పండితుడి కంటె గడిభంగాన్ని సహించలేని సాఫ్ట్‌వేర్ ఎక్కువ ప్రమాదకరం. పండితుడు కనీసం పీఠిక రాసేవాడు.

తీరం మీది కాలం

వల లాగే పాట విషయంలో ‘సరైన కాలం’ అన్న భావనే ప్రశ్నార్థకమవుతుంది. పని లయను పుట్టిస్తుందా, లయ పనిని నడిపిస్తుందా అన్న చర్చను 1896లో జర్మన్ ఆర్థికశాస్త్రవేత్త కార్ల్ బ్యూహర్ ‘పని – లయ’ అన్న అర్థం వచ్చే పేరుతో వెలువరించిన గ్రంథం లేవదీసింది. సామూహిక శ్రమలో లయ బలాలను ఏకకాలంలో కేంద్రీకరిస్తుందన్న ఆయన పరిశీలన ఇప్పటికీ చెల్లుతుంది. కాని ఆయన ఊహించిన లయ చాలావరకు సమగతి. తీరం మీద అలివి వల లాగేటప్పుడు సముద్రానికి కూడా పాలు ఉంది. అల వెనక్కు తగ్గుతూ వలను లోపలికి గుంజేటప్పుడు మోకు పట్టి నిలబడటమే పని. అల ముందుకు వచ్చేటప్పుడు లాగడం పని. పాట ఎత్తేవాడు ఆ తరుణం కోసం ఒక అచ్చును సాగదీస్తాడు, లేదా మరొక మాట చేర్చి కాలం గడుపుతాడు. ఆ సాగదీత ఛందోదోషం అనిపించుకోదు. అది అలకిచ్చిన గడువు. క్వాంటైజ్ మొదట తుడిచేసేది దానినే.

అలివి వలకు రెండు మోకులు. ఒడ్డున రెండు బృందాలు కొంత ఎడంగా నిలిచి లాగుతాయి. వల దగ్గరపడే కొద్దీ బృందాలు ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. రెండు బృందాల మధ్య 100 మీటర్ల దూరం ఉన్నప్పుడు ఒక బృందం దగ్గర ఉంచిన మైకుకు రెండవ బృందం పలుకు దాదాపు 0.29 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. పైన చెప్పిన లెక్కన అది ఒకటిన్నర మాత్ర. రెండవ బృందం మొదటి బృందం పలుకు విని అందుకొంటున్నదనుకొంటే ఆలస్యం రెట్టింపు. దూరం 20 మీటర్లకు తగ్గేటప్పటికి ఆలస్యం 0.06 సెకన్లకు పడిపోతుంది. స్టూడియోలో కూర్చొని వినే పరిష్కర్తకు మొదట్లో ‘తాళం తప్పి’, క్రమంగా ‘తాళంలో పడిన’ బృందంగా ఇది తోస్తుంది. నిజానికి ఆఘాత బిందువుల మధ్య ఆ తగ్గుదల వల ఒడ్డుకు ఎంత దగ్గరకు వచ్చిందో చెప్పే లెక్క. ఆ తేడాను కొలవగలిగిన పరికరాన్నే దానిని చెరిపివేయడానికి వాడుకోవడం విచారకరం.

ఇదే దృష్టితో చూస్తే పాటకు బయటివని తీసివేసే ధ్వనులు కూడా సాక్ష్యాలే. ఇసుకలో మడమ తన్నిన చప్పుడు, తడిసిన మోకు కిర్రుమనడం, ఊపిరి వదిలిన హుంకారం అన్నీ ఆఘాతాలు. వంత పలుకులో ఏ అక్షరం మీద బలం పడిందో మాటను బట్టి నిర్ణయించలేము. మడమ చప్పుడును బట్టి నిర్ణయించవచ్చు. బలం అచ్చు మీద పడిందా, దానికి ముందు హల్లు మీద పడిందా, రెంటికీ ఎన్ని మిల్లీసెకన్ల ఎడం ఉన్నదన్నది శ్రామిక గేయ ఛందస్సుకు మూలప్రశ్న. శబ్దనివారణ పేరుతో ఈ చప్పుళ్ళను తుడిచిన రికార్డింగు ఆ ప్రశ్నకు ఎన్నటికీ జవాబు చెప్పలేదు. గాలి మైకును కొట్టడం వల్ల వచ్చే మందర ధ్వనిని వడగట్టడానికి అభ్యంతరం లేదు. అది పాటదీ పనిదీ కాదు. అయితే మడమ చప్పుడులో కూడా మందర భాగం ఉంటుంది కనుక వడపోతను నకలు మీద చేసుకోవాలి.

నమోదు చేసేటప్పుడే జరిగే నష్టాలు మరికొన్ని ఉన్నాయి. చాలా ఫోన్లు ధ్వని పెరిగినప్పుడు తగ్గించి, తగ్గినప్పుడు పెంచే స్వయంనియంత్రణతో రికార్డు చేస్తాయి. దానితో ఆఘాతం ఎత్తు తగ్గుతుంది, అలల హోరు పెరుగుతుంది. ఎంపీ3 రూపం 1,152 నమూనాల చట్రాలలో, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలలో ధ్వనిని కుదిస్తుంది. తీవ్రమైన ఆఘాతం ఉన్న చోట కుదింపు దోషం ఆఘాతానికి ముందుకు పాకి, బిందువును అస్పష్టం చేస్తుంది. మాటల అర్థం కోసం వినేవారికి ఈ తేడా తెలియదు. కాలాన్ని కొలవదలచిన వారు కుదించని వేవ్ రూపంలోనే నమోదు చేయాలి.

విశ్లేషణలో మూడు పొరలను వేరువేరుగా ఉంచడం ఆచరణ సాధ్యమైన పద్ధతి. యంత్రం పెట్టిన గుర్తులను ఒక పొరలో ముట్టకుండా ఉంచి, చెవితోనూ వర్ణపటంతోనూ సరిచూచిన అచ్చు ఆరంభాలను రెండవ పొరలో, పనిచప్పుళ్ళను మూడవ పొరలో గుర్తించడానికి ప్రాట్ గాని సోనిక్ విజువలైజర్ గాని చాలు. గురులఘు నిర్ణయం రెండవ పొర మీద జరగాలి. మొదటి రెండు పొరల మధ్య భేదం ఏ హల్లు దగ్గర ఎంత వస్తున్నదో పట్టిక వేసుకొంటే అదే ఒక స్వతంత్ర పరిశోధనాంశమవుతుంది. ముత్తుకూరు తీరంలోని పట్టపువారి ఇంటిభాషలో తమిళ ఛాయలు ఉన్నందువల్ల వారి ఉచ్చారణలో స్పర్శాలు, ద్విత్వాలు గడిపే కాలం మెట్టప్రాంతపు తెలుగుతో ఎంత పోలుతుందన్నది ఆ పట్టికతోనే తేలవలసిన విషయం. లిపిలో రాసుకొన్న పాఠంతో అది తేలదు.

వేదిక మీద పాడటానికి, చిత్రంలో వాడుకోవడానికి తీరపాటను గడిలో పెట్టుకొనే సంగీత దర్శకుడి స్వేచ్ఛను ప్రశ్నించనక్కరలేదు. అతడు చేసేది రచన. విశ్వవిద్యాలయ శాఖ భద్రపరచే ప్రతికి ఆ స్వేచ్ఛ లేదు. ఆ ప్రతితో పాటు మైకు ఎక్కడ ఉంచారో, ఏ మోకు బృందం దగ్గరో, రెండవ బృందం ఎంత దూరంలో ఉందో, వల అప్పటికి ఎంత లోపలికి వచ్చిందో, సాఫ్ట్‌వేర్‌లో ఏ పరిమితి విలువతో ఆఘాతాలను గుర్తించారో రాసి ఉంచాలి. అచ్చు గ్రంథానికి ప్రతుల వివరం ఎంత అవసరమో ధ్వనిప్రతికి ఈ వివరం అంత అవసరం. సిద్ధాంత గ్రంథాల అనుబంధాలలో ఇప్పుడు సామాన్యంగా కనిపించేది గాయకుల పేర్లు, వయస్సు, గ్రామం మాత్రమే.